కాగితం రైలు – పని డైరీ: పెద్దల చేతుల నుంచి పిల్లల చేతుల్లోకి

ఒక ఇంజను, నాలుగు పెట్టెలు. కార్డు 3 షీట్లు పడుతుంది. చక్రాలు నిజంగానే తిరుగుతాయి. పెట్టెల్ని పిల్లలే తగిలిస్తారు, పిల్లలే విడదీస్తారు. ఈ రూపం కుదిరేలోపు కొన్ని నమూనాలు పక్కన పడేయాల్సి వచ్చింది. వాటి కొలతలు, పాడవడానికి కారణాలు కూడా రాస్తున్నాను. చేయబోయేవాళ్ళకు అవే ఎక్కువ పనికొస్తాయి.

పని చేసింది ముగ్గురు పిల్లలు: మూడేళ్ళు దాటిన పాప, నాలుగున్నరేళ్ళ బాబు, ఆరేళ్ళ అమ్మాయి. బాబుది ఎడమచేతి వాటం. వాళ్ళకు నేను అత్తను.

ప్రతి దశ చివర రెండు లెక్కలు వేశాను. మొదటిది అప్పటిదాకా వాడిన సామాను. రెండోది, ఒక పెట్టె తయారు చేయడంలో ఎన్ని పనులు పెద్దల చేతిలో ఉన్నాయి, ఎన్ని పిల్లల చేతిలో ఉన్నాయి అన్నది. నాకు ఆ రెండో లెక్కే ముఖ్యం. పెద్దవాళ్ళు గీసి, కత్తిరించి, అతికించి, ఆఖరున పిల్లల చేత రంగులు వేయించిన రైలు చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ దాని చక్రం ఊడితే పిల్లలు మన దగ్గరికి పట్టుకొస్తారు. తాము చుట్టిన చక్రం ఊడితే వాళ్ళే కూర్చుని మళ్ళీ చుట్టుకుంటారు. కింద రాసిన మార్పులన్నీ దీనికోసమే.

పనిముట్ల గురించి ముందుగా

కత్తెర మొన మొద్దుగా ఉండాలి. 5 అంగుళాలది చాలు. ఎడమచేతి పిల్లలకు ఎడమచేతి కత్తెరే ఇవ్వాలి. మామూలు కత్తెరను ఎడమ చేత్తో పట్టుకుంటే పై బ్లేడు గీతను కప్పేస్తుంది, వేళ్ళు నొక్కే తీరుకు రెండు బ్లేడ్లూ దగ్గరపడకుండా విడిపోతాయి. దాంతో కాగితం తెగకుండా బ్లేడ్ల మధ్య మడతపడుతుంది. కత్తెర మార్చాక బాబు పనితీరు అక్కడికక్కడే మారిపోయింది. అప్పటిదాకా అందరం వాడికి ఇంకా చేయి తిరగలేదనుకున్నాం.

మూడేళ్ళ పిల్లలు సాధారణంగా కాగితం అంచున ఒక్కో కత్తింపు వేయగలరు. నాలుగేళ్ళకు తిన్నటి గీత వెంబడి, ఐదారేళ్ళకు గుండ్రంగా కత్తిరించగలుగుతారు. ప్రతి పనినీ ఈ మెట్లతో పోల్చుకున్నాకే ఎవరికివ్వాలో తేల్చాను.

మిగతావి: మాస్కింగ్ టేపు, గ్లూ స్టిక్, తెల్ల జిగురు, బట్టల క్లిప్పులు, ఒక రంధ్రం వేసే పంచింగ్ మెషిన్, సిరా అయిపోయిన బాల్ పెన్ను, ఉప్పుకాగితం. అట్ట కోసే కట్టర్ నా దగ్గరే ఉంటుంది. పిల్లలు గదిలో లేనప్పుడే దాన్ని బయటికి తీస్తాను.

దశ 1: పెట్టె

మొదట మామూలు ప్రింటింగ్ కాగితం (80 జిఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 80 గ్రాములు తూగేది) తీసుకుని తెల్ల జిగురుతో అతికించాం. ఆరేసరికి గోడలు అలలు తేలాయి. తెల్ల జిగురులో నీళ్ళుంటాయి. తడి తగిలితే కాగితంలోని పీచు ఉబ్బుతుంది, అది కూడా పొడవునా కంటే అడ్డంగా ఎక్కువ ఉబ్బుతుంది. జిగురు పడిన చోట సాగి, పడని చోట సాగకపోయేసరికి కాగితం మెలి తిరుగుతుంది. పైగా ఆ పెట్టెలో ఒక రబ్బరు పెడితే చాలు, అడుగు కిందికి జారిపోయింది.

తర్వాత 200 జిఎస్‌ఎం కార్డుకు మారాం. ఏ4 షీటు (210 × 297 మి.మీ.) ప్రింటింగ్ కాగితంలో దాదాపు 5 గ్రాములుంటే ఈ కార్డులో 12.5 గ్రాములు తూగుతుంది. గోడలు నిలబడ్డాయి. కాకపోతే నేను వేసిన కొలత 120 × 60 మి.మీ. అడుగు, 50 మి.మీ. ఎత్తు. విప్పి పరిస్తే 220 × 160 మి.మీ. అంటే షీటుకు ఒక్క పెట్టే వస్తుంది, మిగిలిన ముక్క దేనికీ సరిపోదు. అంతకంటే పెద్ద చిక్కు స్కేలుతో వచ్చింది. స్కేలు మీద సున్నా ఎక్కడ పెట్టాలో ఆరేళ్ళ పిల్లకే ప్రతిసారీ చెప్పాల్సి వచ్చింది. గీయడం, కత్తిరించడం, అతుకు రెక్కలు వదలడం అన్నీ నా మీదే పడ్డాయి.

అప్పుడు కొలత వేసే పద్ధతినే వదిలేశాను. ఏ4 షీటును అడ్డంగా సగానికి మడిచి చింపితే 148 × 210 మి.మీ. ముక్కలు రెండు వస్తాయి. నాలుగు అంచుల నుంచీ 40 మి.మీ. చొప్పున లోపలికి మడిస్తే 130 × 68 మి.మీ. అడుగు, 40 మి.మీ. గోడలున్న పెట్టె తయారవుతుంది. ఆ 40 మి.మీ.కి స్కేలు అక్కర్లేదు. అట్టపెట్టె నుంచి 40 మి.మీ. వెడల్పు పట్టీ ఒకటి కోసి ఇచ్చాను. పిల్లలు దాన్ని కార్డు అంచుకు ఆనించి, పట్టీ వెంబడి ఖాళీ బాల్ పెన్నుతో గట్టిగా లాగుతారు. ఆ గాడి వెంట మడత తిన్నగా పడుతుంది.

గాడి వేయకుండా మడిస్తే రెండు మడతలు శుభ్రంగా, రెండు మడతలు చీలినట్టు వస్తున్నాయి. కాగితం తయారయ్యేటప్పుడు పీచు ఎక్కువగా యంత్రం నడిచే దిశలోనే పరుచుకుంటుంది. ఆ దిశలో మడత తేలిగ్గా పడుతుంది, దానికి అడ్డంగా మడిస్తే పైపొర పగులుతుంది. ఏ దిశో తెలుసుకోవాలంటే షీటును మడవకుండా రెండు వైపులా మెల్లగా వంచి చూడండి. తక్కువ ఎదురుతిరిగిన వంపు పీచు వెంట వచ్చినది. పెట్టెకు రెండు దిశల్లోనూ మడతలు కావాలి కాబట్టి గాడి తప్పదు.

మూలల సంగతి. ముందు మూల దగ్గర 40 మి.మీ. చీలిక వేయించాను. ఆరేళ్ళ అమ్మాయి చేసింది. బాబు సగం దూరం తిన్నగా పోయి పక్కకు తిరిగాడు. పాపకు అసలు కుదరదు. కత్తెరే లేకుండా, మూలలోని చతురస్రాన్ని ఐమూలగా లోపలికి నొక్కి, వచ్చిన త్రికోణాన్ని పొట్టి గోడ మీదికి తిప్పి టేపు వేస్తే పెట్టె ఇంకా గట్టిగా నిలిచింది. అతుకు రెక్కల అవసరమూ పోయింది. గ్లూ స్టిక్ ఇక్కడ చాలదు. మందపాటి కార్డు స్ప్రింగులా లేచిపోతుంది. టేపే వాడాలి.

పాప పెట్టెకు మాత్రం గాడి నేను వేసి ఇచ్చాను. నొక్కడానికి తన చేతిలో బలం చాలలేదు. మడవడం, మూలలు నొక్కడం, టేపు అంటించడం అంతా తనే. టేపును ముందే చింపి బల్ల అంచుకు వరసగా అంటించి పెట్టడం మర్చిపోకండి. టేపు చుట్ట చేతికిస్తే పని ఆగిపోతుంది.

ఇప్పటిదాకా: ప్రింటింగ్ కాగితాలు 4, కార్డు 2 షీట్లు.
పనులు: మొదటి నమూనాలో పెద్దలవి 9, పిల్లలవి 3. ఇప్పుడు పెద్దలవి 5, పిల్లలవి 5.

దశ 2: చక్రాలు

ఎక్కువ సామాను, ఎక్కువ ఆలోచన పోయింది ఇక్కడే.

సీసా మూతలు వాడాలన్న ఆలోచన మొదట్లోనే మానుకున్నాను. నీళ్ళ సీసా మూత వ్యాసం దాదాపు 30 మి.మీ. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్లో చిన్న భాగాలు ప్రమాదమా కాదా చూడటానికి అమెరికా భద్రతా నియమాల్లో ఒక కొలత గొట్టం ఉంది: వ్యాసం 31.7 మి.మీ., అడుగు ఏటవాలుగా ఉండి లోతు 25.4 నుంచి 57.1 మి.మీ. దాకా. ఏ వైపు తిప్పి పెట్టినా ఒత్తకుండా అందులో పూర్తిగా ఇమిడిపోయే వస్తువు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉన్నట్టే లెక్క. మూత అందులో ఇమిడిపోతుంది. పాపకు మూడేళ్ళు దాటినా నోట్లో పెట్టుకునే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. అందుకని చక్రం వ్యాసం 40 మి.మీ. అని నిర్ణయించుకున్నాను.

మొదటి రకం: అట్టపెట్టె అట్టను గుండ్రంగా కోసిన బిళ్ళలు. అట్ట మందం 3 మి.మీ. దాన్ని పిల్లల కత్తెర కోయలేదు. గీసి, కోసి, రంధ్రం పెట్టేదంతా నేనే. అంత చేసినా చక్రం ఊగింది. రంధ్రానికీ ఇరుసుగా పెట్టిన వెదురు పుల్లకీ మధ్య అర మిల్లీమీటరు సందు ఉంటే, 3 మి.మీ. మందం ఉన్న బిళ్ళ వాలి, అంచు దగ్గరికి వచ్చేసరికి ఆ ఊగు 3 మి.మీ. పైగా అవుతుంది. ఒక చక్రం వాలిందంటే పెట్టె మొత్తం కుంటుతుంది. పట్టు కావాలంటే చక్రం మందంగా ఉండాలి.

రెండో రకం: కాగితం పట్టీని పుల్ల చుట్టూ బిగించి చుట్టడం. పిల్లలకు ఈ పని చాలా నచ్చింది. ఏ4 పొడవున్న పట్టీ ఒకటి మొత్తం చుట్టేశాక కొలిస్తే 7 మి.మీ. కూడా రాలేదు. లెక్క వేసి చూశాను: 0.1 మి.మీ. మందం కాగితంతో 40 మి.మీ. రావాలంటే దాదాపు 12.5 మీటర్ల పట్టీ కావాలి, అంటే 42 పట్టీలు, ఒక్క చక్రానికి! 0.25 మి.మీ. కార్డుతో చుట్టినా 17 పట్టీలు.

ఆ లెక్కే దారి చూపించింది. మందం పెరిగితే పొడవు అదే నిష్పత్తిలో తగ్గుతుంది. 3 మి.మీ. అట్టతో చుడితే 420 మి.మీ. చాలు. 10 మి.మీ. వెడల్పు, 450 మి.మీ. పొడవు పట్టీలు కోశాను. చుట్టేటప్పుడు అట్ట కొంచెం నలుగుతుంది కాబట్టి ఆ అదనపు 30 మి.మీ. కావాలి.

పట్టీ ఏ దిశలో కోస్తున్నామన్నదే ఇక్కడ ప్రాణం. అట్ట లోపల అలల్లాంటి గాళ్ళుంటాయి. అవి పట్టీకి అడ్డంగా, అంటే చుట్టే పుల్లకు సమాంతరంగా ఉండాలి. అప్పుడు ప్రతి గాడి దగ్గరా పట్టీ చిన్నగా వంగుతూ గుండ్రంగా వస్తుంది. గాళ్ళు పట్టీ పొడవునా ఉంటే అక్కడక్కడ విరిగి చక్రం పలకలు పలకలుగా తయారవుతుంది. చుట్టే ముందు పట్టీని బల్ల అంచు మీద నుంచి రెండు మూడు సార్లు కిందికి లాగితే మెత్తబడుతుంది. ఈ పని పాపకు ఇచ్చాను. ఇరవై పట్టీలూ తనే లాగింది.

చుట్టే పద్ధతి:

1. పట్టీ మొదలును చిన్న టేపు ముక్కతో పుల్లకు అంటించాలి.
2. మొదటి చుట్టుకు ఒక చుక్క తెల్ల జిగురు. అట్ట మందంగా ఉంటుంది కాబట్టి ఈ తడికి ఏమీ కాదు.
3. పుల్లను తిప్పకుండా, పట్టీనే పుల్ల చుట్టూ తిప్పుతూ బిగించాలి.
4. చివరను టేపుతో మూసి, అదే టేపును చక్రం అంచు చుట్టూ ఒక పూర్తి చుట్టు వేయాలి. నేల మీద పట్టు దొరికేది దీనివల్లే.

10 మి.మీ. మందం వల్ల ఊగు దాదాపు పోయింది. చక్రం పుల్లకు బిగిసిపోయి రెండూ కలిసి తిరుగుతాయి. అసలు రైలులోనూ అంతే: చక్రాలు ఇరుసుకు బిగించి ఉంటాయి, ఇరుసుతో పాటే తిరుగుతాయి. ఆరేళ్ళ అమ్మాయి సైకిలు చక్రం అలా ఉండదు కదా అని అడిగింది. సైకిలులో ముందు చక్రపు ఇరుసు కదలకుండా బిగించి ఉంటుందని, చక్రం దాని చుట్టూ తిరుగుతుందని సైకిలు దగ్గరికే తీసుకెళ్ళి చూపించాను.

పుల్లలు 3 మి.మీ. మందం వెదురువి. మొన కత్తిరించేసి, రెండు చివరలూ ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాకే పిల్లల చేతికి ఇచ్చాను.

ఇప్పటిదాకా: కార్డు 2 షీట్లు, 300 × 300 మి.మీ. అట్టముక్క ఒకటి (20 చక్రాలకు సరిపడే 9 మీటర్ల పట్టీ అందులోంచే వస్తుంది, పొడవు చాలని పట్టీలను టేపుతో అతకాలి), బిళ్ళలకు పాడైన అట్ట వేరే.
పనులు: పెద్దలవి 3, పిల్లలవి 7.

దశ 3: ఇరుసు కూర్చోబెట్టడం

పెట్టె పక్క గోడలకు రంధ్రాలు వేసి పుల్ల దూర్చాం. రెండు లోపాలు బయటపడ్డాయి.

ఒకటి, రంధ్రాలు ఎదురెదురుగా పడవు. ఒక పక్క 3 మి.మీ. అటూ ఇటూ అయితే ఇరుసు వంకరగా కూర్చుంటుంది. అలాంటి పెట్టెను తోస్తే మీటరు పోయేసరికి పావు మీటరుకు దగ్గరగా పక్కకు తిరిగిపోయింది.

రెండు, చక్రం గోడకు రాసుకుంటోంది. ఇది మొదట నాకు తెలియలేదు. పెట్టెను లాగితే కదులుతోంది, అంతా బాగానే ఉన్నట్టుంది. ఆరేళ్ళ అమ్మాయే పట్టుకుంది: "అత్తా, ఇది దొర్లట్లేదు, జారుతోంది." తను చక్రం మీద ఎర్ర చుక్క పెట్టి చూసింది. చుక్క కదల్లేదు. అప్పటినుంచి ప్రతి చక్రానికీ చుక్క పెడుతున్నాం. మీరూ పెట్టండి, ఇంత తేలిక పరీక్ష ఇంకోటి లేదు.

బరువు పెడితే తిరుగుతుందేమోనని పెట్టెలో రబ్బర్లు వేసి చూశాం. కొంత నయం, అంతే. బరువు పెరిగితే నేల దగ్గర పట్టు పెరుగుతుంది, ఇరుసు దగ్గర రాపిడీ అంతే పెరుగుతుంది. గోడకు రాసుకునే అడ్డు మాత్రం బరువుతో సంబంధం లేకుండా అలాగే ఉంటుంది. ఖాళీ పెట్టెలో కార్డు బరువు 6 గ్రాముల పైచిలుకే కాబట్టి ఆ కాస్త అడ్డే చక్రాన్ని ఆపేస్తుంది. ముందు రాపిడి తీసేయాలి, ఆ తర్వాతే బరువు.

మార్పు: గోడలకు రంధ్రాలు మానేసి, పెట్టె అడుగున స్ట్రా ముక్కను అడ్డంగా అంటించాం. పుల్ల స్ట్రా లోపల తిరుగుతుంది. పెట్టె వెడల్పు 68 మి.మీ., స్ట్రా 74 మి.మీ. అటు 3, ఇటు 3 మి.మీ. బయటికి రావడంతో చక్రం గోడ దాకా రాలేదు. పుల్ల పొడవు 105 మి.మీ. స్ట్రా వ్యాసం 5 మి.మీ.

స్ట్రా తిన్నగా రావడానికి రెండో కొలత పట్టీ చేశాను, ఇది 20 మి.మీ. వెడల్పు. పెట్టె అంచుకు పట్టీ ఆనించి, పట్టీకి స్ట్రా ఆనించి టేపు వేయడమే. ముందు 40 మి.మీ. పట్టీనే వాడదామనుకున్నాం. అప్పుడు రెండు ఇరుసుల మధ్య 45 మి.మీ. మిగిలి, 40 మి.మీ. చక్రాలు ఒకదానికొకటి తగిలినంత పని అవుతుంది, చివర బరువు పెడితే పెట్టె లేస్తుంది. 20 మి.మీ. పట్టీతో ఇరుసుల దూరం 85 మి.మీ. వచ్చింది.

పరీక్షకు 600 మి.మీ. పలకను ఒక వైపు లేపుతూ పోయాం. పెట్టె ఏ ఎత్తు దగ్గర కదిలిందో ఇది:

గోడ రంధ్రాల నమూనా: 190 మి.మీ. అప్పుడూ దొర్లలేదు, జారింది.
అట్ట బిళ్ళ చక్రాలు, స్ట్రాతో: 110 మి.మీ., కుంటుతూ.
చుట్టిన చక్రాలు, స్ట్రాతో: 40 మి.మీ.

పని వరస కూడా ఇక్కడే తలకిందులైంది. పెట్టె ముందు చేసి, స్ట్రా అంటించి, ఒక చక్రం చుట్టి, పుల్ల దూర్చాక రెండో చక్రం చుట్టాలంటే చిన్న చేతులకు పెట్టె అడ్డం వచ్చి నలిగిపోతోంది. కాబట్టి ఇప్పుడు పుల్లకు ఒక చక్రం చుట్టి, స్ట్రా ఎక్కించి, రెండో చక్రం చుట్టేస్తారు. తయారైన జతను స్ట్రా దగ్గర పట్టుకుని నేల మీద నడిపిస్తారు. పెట్టె ఇంకా లేకపోయినా ఆట మొదలైపోతుంది. మిగతా పని చేసే ఓపిక అక్కడే పుడుతుంది. పెట్టెతో మొదలుపెట్టినప్పుడు బాబు సగంలో లేచి వెళ్ళిపోయేవాడు. చక్రాలతో మొదలుపెట్టాక పెట్టె ఎప్పుడు చేద్దామని వాడే అడిగాడు.

స్ట్రా కత్తిరించేటప్పుడు ముక్కలు ఎగిరిపోతాయి. గిన్నెలో చేతులు పెట్టి కత్తిరిస్తే సరి.

ఇప్పటిదాకా: కార్డు 3 షీట్లు (రంధ్రాలు పడిన రెండు పెట్టెలు పోయాయి), పుల్లలు 2, స్ట్రాలు 2.
పనులు: పెద్దలవి 3, పిల్లలవి 9.

దశ 4: తగిలింపు

దారంతో కట్టాం. ముడి వేయడం ముగ్గురికీ రాదు. ముడి నేను వేస్తే ప్రతిసారీ దూరం మారుతోంది. వెనక్కి తోస్తే పెట్టెలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతున్నాయి. దారం వద్దనుకున్నాం.

పాత నోటుబుక్కు అట్ట నుంచి 20 × 60 మి.మీ. పట్టీలు కోసి, పెట్టె అడుగున ముందూ వెనకా అంటించాం. రెండు పట్టీల రంధ్రాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి పిన్ను దించడమే. ఇత్తడి పిన్నులకు మొన ఉంటుంది, పైగా చిన్నవి. అందుకని 80 మి.మీ. స్ట్రా ముక్కకు కాగితం జెండా అంటించి దాన్నే పిన్నుగా చేశాం. పంచింగ్ మెషిన్ రంధ్రం 6 మి.మీ., స్ట్రా 5 మి.మీ., వదులుగా తిరుగుతుంది. జెండా కింద 15 మి.మీ. స్ట్రా మాత్రమే వదలాలి. జెండా పట్టీ మీద ఆగుతుంది. పెట్టె అడుగు నేలకు 22 మి.మీ. ఎత్తులో ఉంటుంది కాబట్టి స్ట్రా కింద రాసుకోదు. 80 మి.మీ. ఉంచడానికి కారణం పైన చెప్పిన కొలత గొట్టమే: దాని అత్యధిక లోతు 57.1 మి.మీ.

తొలినాటి అమెరికా రైళ్ళలోనూ పెట్టెల్ని ఇలా లింకు, పిన్నుతోనే కలిపేవారు. పిన్ను వేయడానికి మనిషి రెండు పెట్టెల మధ్య నిలబడాల్సి వచ్చేది. ఎందరో వేళ్ళు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1893లో చట్టం చేసి, మనిషి మధ్యలోకి వెళ్ళకుండా తగులుకునే కప్లర్లు తప్పనిసరి చేశారు. ఆరేళ్ళ అమ్మాయికి ఇది చెప్పాక, పెట్టె పూర్తిగా ఆగాకే జెండా దించాలని తనే నియమం పెట్టింది. మిగతా ఇద్దరూ ఒప్పుకున్నారు.

పెట్టెల మధ్య దూరం: మొదట 10 మి.మీ. పెట్టాం. 400 మి.మీ. వ్యాసార్థంతో నేల మీద గుండ్రంగా గీత గీసి లాగితే మూలలు కొట్టుకుని బిగుసుకుపోయాయి. 68 మి.మీ. వెడల్పుకు 10 మి.మీ. సందు ఉంటే పెట్టెలు ఒకదానికొకటి దాదాపు 17 డిగ్రీల దాకే వంగగలవు. ఆ గీత మీద 20 డిగ్రీలు కావాలి. సందు 30 మి.మీ. చేస్తే 47 డిగ్రీల దాకా వంగుతుంది. పట్టీ పెట్టె బయటికి 25 మి.మీ. రావాలి, రంధ్రం మధ్యభాగం దాని చివర నుంచి 10 మి.మీ. దగ్గర పడాలి.

పంచింగ్ మెషిన్‌ను నేల మీద పెట్టి రెండు అరచేతులతో నొక్కితే పాప కూడా రంధ్రం వేయగలిగింది. రాలిన చుక్కల్ని కిటికీలకు అంటించుకుంది.

పనులు: పెద్దలవి 2, పిల్లలవి 11.

దశ 5: ఇంజను

పెట్టె ఎలాగో ఇంజను అడుగూ అలాగే. దాని మీద బాయిలరు. మొదట 45 మి.మీ. గొట్టం చుడితే 40 మి.మీ. గోడల మధ్య మునిగిపోయి కనబడలేదు. సగం షీటు వృథా.

సరిపోయిన కొలత ఇంకో సగం షీటులోంచే (148 × 210 మి.మీ.) మొత్తం వస్తుంది:

1. 80 × 210 ముక్క: గుండ్రంగా చుట్టి చివరలు 10 మి.మీ. ఒకదాని మీద ఒకటి వేసి టేపు. వ్యాసం 64 మి.మీ. 68 మి.మీ. పెట్టెలో చక్కగా కూర్చుంటుంది.
2. 50 × 210 ముక్క: 71, 68, 71 మి.మీ. భాగాలుగా మడిచి తలకిందులుగా దింపితే డ్రైవరు గది. 80కి 50 కలిపితే 130, పెట్టె పొడవు సరిగ్గా నిండుతుంది.
3. మిగిలిన 18 × 210 పట్టీ: రెండు చుట్లు చుడితే 33 మి.మీ. చిమ్నీ. కాగితం ఉంగరం నలిపితే చిన్నదైపోతుంది కాబట్టి నోట్లో పెట్టుకునే పిల్లలుంటే అతికించకండి, బాయిలరు మీద బొమ్మ గీయించండి.

ఈ మూడు ముక్కలూ నేనే కోశాను. చుట్టడం, మడవడం, దింపడం పిల్లలవి. బాయిలరును అతికించలేదు, ఊరికే కూర్చోబెట్టాం. బాబు దాన్ని తీసి లోపల నలిపిన కాగితాల బొగ్గు నింపుతాడు.

ఇప్పటిదాకా: కార్డు ఐదున్నర షీట్లు. రైలులో ఉన్నవి 3, పోయినవి రెండున్నర.

దశ 6: పట్టాలు

చక్రాల నడిమి దూరం 84 మి.మీ. ఆ దూరంలో రెండు మాస్కింగ్ టేపు గీతలు నేల మీద అంటించాం, అంతే. మలుపుల్లో చక్రం ఈడ్చుకుంటుంది. అసలు రైలు చక్రం అంచు కొంచెం ఏటవాలుగా ఉంటుంది. మలుపులో బయటి చక్రం పెద్ద వ్యాసం మీద, లోపలి చక్రం చిన్న వ్యాసం మీద దొర్లి సర్దుకుంటాయి. మనవి చదునుగా, ఇరుసుకు బిగించి ఉన్నాయి కాబట్టి ఒకటి జారక తప్పదు. మలుపు వ్యాసార్థం 600 మి.మీ. చేస్తే ఆ ఈడ్పు తగ్గింది.

ఒక పెట్టెకు పని వరస

1. పట్టీలు కోయడం (పెద్దలు)
2. పుల్ల 105 మి.మీ. కోసి రుద్దడం (పెద్దలు)
3. స్ట్రా 74 మి.మీ. కత్తిరించడం
4. చక్రం చుట్టడం, స్ట్రా ఎక్కించడం, రెండో చక్రం చుట్టడం
5. టేపు వేసి చుక్క పెట్టడం
6. షీటు సగానికి మడిచి చింపడం
7. 40 మి.మీ. పట్టీతో గాళ్ళు వేయడం
8. గోడలు మడవడం
9. మూలలు నొక్కడం
10. మూలలకు టేపు
11. 20 మి.మీ. పట్టీ ఆనించి స్ట్రాలకు టేపు
12. తగిలింపు పట్టీలకు రంధ్రం వేసి అంటించడం
13. జెండా దించడం

మొత్తం రైలుకు: కార్డు 3 షీట్లు, 300 మి.మీ. పుల్లలు 5, 200 మి.మీ. స్ట్రాలు 5 (జెండా పిన్నులకు ఇంకో 2), అట్టముక్క 1, నోటుబుక్కు అట్ట 1.

ఆడాక చేసిన మరమ్మతులు

మొదట పోయింది తగిలింపు రంధ్రం. లాగి లాగి అంచు చిరిగింది. రంధ్రం వేయకముందే పట్టీ చివరకు రెండు వైపులా టేపు వేసి, ఆ తర్వాత పంచ్ చేస్తే నిలిచింది. పాత పట్టీలన్నీ అలా మార్చాం.

పాప తన పెట్టె మీద చేయి ఆన్చి నిలబడితే ముందు ఇరుసు స్ట్రా నలిగింది. స్ట్రా నలిగితే పుల్ల బిగుసుకుంటుంది, ఎర్ర చుక్క కదలడం ఆగిపోతుంది. స్ట్రా మార్చాలంటే చక్రం విప్పాలి. బాబు టేపు ఊడదీసి, పట్టీ విప్పి, కొత్త స్ట్రా ఎక్కించి మళ్ళీ చుట్టాడు. ఈసారి చక్రం 43 మి.మీ. వచ్చింది, నలిగిన అట్ట మొదటిసారంత బిగువుగా రాదు. ఆ జతలో రెండో చక్రాన్ని కూడా విప్పి వదులుగా చుట్టించి 43కి తెచ్చాం. ఒకే ఇరుసు మీద రెండు చక్రాలూ సమానంగా లేకపోతే పెట్టె చిన్న చక్రం వైపుకు తిరుగుతుంది. అందుకే మరమ్మతు చేసేటప్పుడు ఎప్పుడూ రెండూ కలిపి చుట్టండి, రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి ఎత్తు చూసి టేపు మూయండి.